అమ్మ నీళ్ళు ముట్టని ఇల్లు

మొదటి కాన్పుకు ముందు నా కాళ్ళు ఎంత వాచాయంటే, చీలమండ ఎక్కడుందో వేలితో నొక్కి వెతుక్కోవాల్సి వచ్చేది. నొక్కిన చోట గుంట పడేది. అది పూడేదాకా కూర్చుని చూస్తూ ఉండేదాన్ని. వేరే పని చేతకాని రోజులవి. వంగితే ఊపిరాడదు, పడుకుంటే ఎదలో మంట, కూర్చుంటే నడుము పట్టేస్తుంది, నిలబడితే పిక్కలు లాగేస్తాయి. ఇక మిగిలింది గాల్లో వేలాడటమే అని నేనంటే మా అత్త నవ్వేది కాదు. ఆమె దేనికీ తొందరగా నవ్వే మనిషి కాదు.

అప్పటికింకా కుంపిణీ దొరతనమే. ఇప్పుడు రాణిగారి దొరతనం అంటున్నారు. మాకు తెలిసిన తేడా ఏమంటే, ఏటి మీద వంతెన కడతామని దొరలు వచ్చి కొలతలు తీసుకుని పోవడం. మా అత్తవారి ఊరు ఉడుమలైపేట దగ్గర, అమరావతి ఏటికి ఇవతల. పత్తి చేలు, కంబు అనే సజ్జ చేలు. నా పుట్టిల్లు మదురై సీమలో, పెరియకుళం దగ్గర కొండ కింద. అక్కడ ఎటు చూసినా మామిడి తోటలే. రెండు ఊళ్ళ మధ్య పళని కొండ, ఏరులు, వాగులు, రోజుల తరబడి బండి ప్రయాణం. మా వాళ్ళు తెలుగు సీమ నుంచి ఎప్పుడు వచ్చారో ఎవరికీ తెలియదు. వచ్చేటప్పుడు మూటగట్టుకొచ్చిన ఆచారాలు మాత్రం ఒక్కటీ దారిలో పారేసుకోలేదు.

అందులో ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. కూతురికి బిడ్డ పుట్టేదాకా తల్లి ఆ కూతురి అత్తగారింట అన్నం తినకూడదు, గుక్కెడు నీళ్ళు కూడా తాగకూడదు. రావచ్చు, కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు. నోట్లో ఏమీ పడకూడదు. పడితే కడుపులో ఉన్న బిడ్డకు కీడు అంటారు. ఎందుకు కీడని చిన్నప్పుడు మా అవ్వను అడిగితే, ఎందుకని అడగడమే కీడు అంది. ఎలాగూ మొదటి కాన్పు పుట్టింట్లోనే జరుగుతుంది కనుక, ఈ ఆచారం వల్ల ఎవరికీ పెద్ద కష్టం ఉండేది కాదు. ఏడో నెలలో గాజులు తొడిగి పిల్లను తీసుకుపోతారు, బిడ్డతో తెచ్చి దింపుతారు, ఆ రోజు తల్లి కడుపునిండా తిని పోతుంది. మా విషయంలో చిక్కు వచ్చింది నెలల దగ్గర.

మా పుట్టింటి వాళ్ళు తెలుగు నెలలే పట్టుకుని ఉన్నారు. చైత్రం, వైశాఖం అంటారు, ఉగాదికే కొత్త సంవత్సరం. మా అత్తవారు చుట్టూ అరవ వాళ్ళతో కలిసి సేద్యం చేసీ చేసీ అరవ నెలల్లోకి మారిపోయారు. ఆడి, ఆవణి, పురట్టాసి. మామూలు ఏడాది అయితే రెండు లెక్కలూ కాస్త అటూ ఇటూగా కలిసి నడుస్తాయి. నేను కడుపుతో ఉన్న ఏడాది ఆషాఢం అధిక మాసం వచ్చింది. అది పెళ్ళికీ పేరంటానికీ పనికిరాని నెల, అందుకని మా అమ్మ దాన్ని కడుపు లెక్కలో కూడా కలపలేదు. అరవ లెక్కలో అధిక మాసమనేదే లేదు, ఆ రోజులు కూడా మామూలు నెలల్లోనే లెక్కకొస్తాయి. అందుకని శ్రావణంలో మా అమ్మ, చిన్నాయన చేత బండి కట్టించుకుని, చీర, గాజులు, మామిడి తాండ్ర, ఎన్నెన్నో మూటలు వేసుకుని ఏడో నెల అని వచ్చి దిగేసరికి, మా అత్త వాకిట్లో నిలబడి ఎనిమిదో నెల అంది.

ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్నదాన్ని బండెక్కించకూడదని ఇద్దరికీ తెలుసు. దాంట్లో తగవు లేదు. తగవంతా అది ఎన్నో నెల అన్నదే. మా అమ్మ తెలుగు నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించింది. మా అత్త అరవ నెలలు లెక్కపెట్టి చూపించింది. మామను అడిగారు. మామకు చావడిలో నోరు ఉండేదిగానీ ఇంట్లో ఉండేది కాదు, అందుకని ఆయన ఎద్దులకు నీళ్ళు పెట్టాలని లేచిపోయాడు. చివరికి మంత్రసానిని పిలిపించారు. ఆమె నా కడుపు మీద చెయ్యి వేసి చూసి, అధిక మాసంలో బిడ్డ పెరగడం మానుకోదు కదా అంది. అక్కడితో మా అమ్మ ఓడిపోయింది.

ఓడిందిగానీ వెనక్కి పోలేదు. ఈ నెల గడవనీ, తొమ్మిదో నెలలో తీసుకుపోతానంది. ఎక్కడుంటావని అడిగితే బండిలో ఉంటానంది. చిన్నాయనకు దుక్కి పనులున్నాయి. ఆయన ఎద్దులను తోలుకుని వెళ్ళిపోయాడు, నెల తిరిగాక వస్తానన్నాడు. బండి మాత్రం మా అత్తగారింటి ఎదురుగా, వీధిలో, కాడి నేలకు ఆనించుకుని నిలబడింది. మా అమ్మ దాని పక్కన మూడు రాళ్ళు పెట్టి పొయ్యి చేసుకుంది. తెచ్చుకున్న గింజలే దంచుకుని సంకటి వండుకునేది, ఊరుమ్మడి బావి నుంచి నీళ్ళు తెచ్చుకునేది. వియ్యపురాలు వీధిలో వండుకు తింటుంటే ఊళ్ళో తలెత్తుకోలేకుండా ఉన్నానని మా అత్త అంది. దానికి మా అమ్మ చెప్పిన జవాబు చాలాకాలం ఊళ్ళో చెప్పుకున్నారు.

"ఇల్లు నీది వదినా. వీధి కుంపిణీది. నేను కుంపిణీ ఇంట్లో తింటుండాను."

మా ఆయన గురించి అడుగుతారేమో. ఆయన పొద్దున చేనుకు పోతే పొద్దుగూకి వచ్చేవాడు. ఇద్దరు తల్లుల మధ్య మగవాడు చేయగలిగిన తెలివైన పని అదొక్కటే, ఆయన దాన్ని బాగా చేశాడు.

ఉన్న మాట చెప్పాలంటే, అమ్మ వీధిలో ఉండటం నాకు సిగ్గుగానూ ఉండేది, ప్రాణంగానూ ఉండేది. నా సగం బాధలు ఆమెకు చెప్పకుండానే తెలిసేవి. పొద్దున వచ్చి నా కాళ్ళు చూసేది. గోడకు వారగా నన్ను పడుకోబెట్టి, గోనెసంచి మడతల మీద కాళ్ళు ఎత్తి పెట్టించేది. వెల్లకిలా పడుకోవద్దు, ఎడమ పక్కకు తిరుగు అనేది. బూరుగు దూది దిండు ఒకటి మోకాళ్ళ మధ్య, ఇంకొకటి కడుపు కింద పెట్టేది. రాత్రంతా కళ్ళు మూయని దాన్ని, అలా పడుకుంటే పొద్దున పూటైనా కాసేపు నిద్రపోయేదాన్ని. మెట్టెలు దిగిపోయి వేళ్ళు నల్లబడుతుంటే, ఆముదం రాసి, మెల్లగా తిప్పుతూ తీసేసి, బదులు పసుపు దారం కట్టింది. మెట్టె తీయకూడదు కదా అని నేను భయపడితే, మెట్టె ఉండాలంటే ముందు వేలు ఉండాలి కదా అంది.

ఎదలో మంటకు ఆమె చెప్పింది ఒకటే, ఒక్కసారి కడుపు నింపుకోవద్దు, పిట్ట తిన్నట్టు కొంచెం కొంచెం తిను, తిని వెంటనే నడుము వాల్చవద్దు. మా అత్త మాత్రం ఇద్దరికి తినాలి అని పళ్ళెం నింపి పెట్టేది. అమ్మా అత్తా కలిసి ఉంటే ఇద్దరికి తినడం అంటే ఏమిటో తేలేది. వాళ్ళు కలవరు కనుక, మా అత్త ముందు తిని, అమ్మ వచ్చేదాకా కూర్చుని మండేదాన్ని. దొడ్లోకి పోవడం ఇంకో గోడు. బిడ్డ కిందికి దిగేకొద్దీ, పోయి వచ్చి కూర్చోకముందే మళ్ళీ పోవాలనిపించేది. దొడ్డి దాకా నడవడమే నాకు కాశీయాత్ర. తిన్నె ఎక్కడానికి మా అత్త చెయ్యి ఇచ్చేది, ఏమీ మాట్లాడేది కాదు. ఆ చెయ్యి మాత్రం గట్టిది. అది కూడా చెప్పాలి.

తొమ్మిదో నెల వచ్చింది. దానితోపాటే కొండ మీద వానలు వచ్చాయి. అమరావతి ఏరు ఒడ్డు ఒరుసుకుంటూ పారుతోందని చూసి వచ్చినవాళ్ళు చెప్పారు. బండ్లు దాటవు. బుట్టలాంటి పుట్టి వేసి దాటేవాళ్ళు ఉన్నారుగానీ, కడుపుతో ఉన్నదాన్ని పుట్టి ఎక్కించే మాట మా అమ్మ కూడా ఎత్తలేదు. చిన్నాయన ఎద్దులతో ఏటికి అవతలే నిలిచిపోయి, కబురు పంపి వెనక్కి పోయాడు. ఇక నా కాన్పు ఇక్కడే. అమ్మ నీళ్ళు తాగని ఇంట్లోనే.

కొండ వాన ఊరి మీదికి కూడా దిగింది. బండి గూడు చాప నానిపోయి కారడం మొదలైంది. పొయ్యి రాళ్ళ మధ్య నీళ్ళు నిలిచాయి. అమ్మ అటుకులు నానబెట్టుకుని తిని, తడిసిన చీరతోనే వచ్చి నా పిక్కలు పట్టేది. తిన్నె మీద పడుకోవడానికి ఒప్పుకుంది, తినడానికి ఒప్పుకోలేదు. చావడిలో పోయి వండుకోవచ్చుగా అంటే, పిలిస్తే వినిపించనంత దూరం పోలేనంది. దగ్గు పట్టుకుంది. మొదట పొడి దగ్గు, తర్వాత ఎదలోంచి వచ్చే దగ్గు. ఎవరూ పైకి అనలేదుగానీ, ఇంట్లో అందరం ఆ దగ్గే వింటున్నాం. నా కాన్పు దాకా ఈమె నిలుస్తుందా అన్నది నాకు ఆ రోజుల్లో ఉన్న ఒకే భయం. నా కాళ్ళ నొప్పి, నడుము నొప్పి దాని ముందు చిన్నవైపోయాయి. అవి మాత్రం చిన్నవైనట్టు నడుచుకోలేదు.

ఒక మధ్యాహ్నం నా పిక్క పట్టేసింది. కండ రాయిలా గడ్డకట్టి, నేను గోడ గీరుతున్నాను. అమ్మ నా మడమ తన అరచేతిలో పెట్టుకుని, వేళ్ళు నా ముఖం వైపు వంచి, పిక్క మీద ఆముదం రుద్దుతోంది. మధ్యలో దగ్గు వచ్చింది. ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా నా కాలు వదలలేదు. పక్కనే నా కోసం కాచిన శొంఠి నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. మా అత్త ఆ గిన్నె మెల్లగా ఆమె వైపు జరిపింది. అమ్మ దాన్ని మళ్ళీ నా వైపు జరిపింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నీళ్ళు తాగితే తాగు, లేకపోతే లేచి మీ ఊరికి పో, నీ దగ్గు వింటూ నేను బిడ్డను కనలేను అని అరిచాను. ఇంకా ఏమేమో అన్నాను. అమ్మ దగ్గు ఆగేదాకా ఆగి, నా కాలు కింద పెట్టి చెప్పింది.

"నా గొంతు ఎండితే ఒక దగ్గు పాపా. తాగినాక నీకు ఏమన్నా అయితే, నేను బతికినంత కాలం ఏ నీళ్ళు తాగేది?"

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఏడుపులోనే కడుపు బిగుసుకుపోయింది. ఒకసారి, ఇంకోసారి. నొప్పులొచ్చాయనుకున్నాం. అమ్మ నన్ను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది. మంత్రసాని వానలో తడుస్తూ వచ్చి చూసి, ఇవి దొంగనొప్పులు, ఇంకా వేళ కాలేదు, దీన్ని ఏడిపించకండి అని కసిరి పోయింది. ఆమె వెళ్ళాక చూస్తే మా అత్త ఇంట్లో లేదు.

ఆమె నెత్తిన గోనె కప్పుకుని దొడ్లోకి పోయింది. పశువుల కొట్టంలోంచి ఆవులను, ఎద్దులను ఒక్కొక్కటిగా విప్పి, కొట్టం బయటి చూరు కింద కట్టేసింది. పేడ ఎత్తింది. తర్వాత మోకాళ్ళ దాకా బురదతో వచ్చి తిన్నె ముందు నిలబడింది.

"వదినా, నీ బండి నాకిచ్చేయి. బదులు మా కొట్టం నువ్వు తీసుకో."

అమ్మకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. మా అత్త విడమరిచి చెప్పింది. బండికి కొట్టం, మారుబేరం. కొట్టం వియ్యపురాలిది అయితే అది ఆమె సొంత ఇల్లు. సొంత ఇంట్లో వండుకోవచ్చు, తినవచ్చు, నీళ్ళు తాగవచ్చు. కోడలు మొదటి కాన్పుకు తల్లి ఇంటికి పోవాలి కనుక అక్కడికే పోతుంది. ఏరు దాటక్కరలేదు. ఆచారంతో దాగుడుమూతలు ఆడితే ఆచారం ఊరుకుంటుందా అని అమ్మ అనుమానం. ఇది ఆటా, నిజమా అని అడిగింది.

నిజమే అంది మా అత్త. ఇక మీదట తమ ఎద్దులను ఆ చూరు కింద కట్టాలన్నా వియ్యపురాలిని అడిగే కడతానంది. మామను, ఎదురింటి వాళ్ళను పిలిచి వాళ్ళ ముందు చెప్పింది. కొట్టం నేలలోంచి మట్టిపెళ్ళ ఒకటి తీసి అమ్మ ఒళ్ళో పెట్టింది. అమ్మ బండి కాడి మీద చెయ్యి వేసి, ఇది మీదే అంది. కారుతున్న పాత బండికి అంత కొట్టం ఇవ్వడం ఏం బేరమని ఎదురింటాయన నవ్వితే, మామ జీవితంలో మొదటిసారి ఇంటి విషయంలో నోరు విప్పి, మా బేరం మాకు గిట్టింది అన్నాడు.

అమ్మ ఆ పూటే కొట్టం అలికి, ముగ్గు పెట్టి, పొయ్యి వెలిగించింది. కాగిన నీళ్ళు తాగింది. నేను తిన్నె మీదినుంచి ఆ పొగ చూస్తూ ఉన్నాను.

మరునాడు మంచి వేళ చూసి మా అత్త నన్ను పుట్టింటికి పంపింది. పంపడమంటే పద్ధతిగానే పంపింది. తల్లి తెచ్చిన గాజులు తొడిగించింది, బొట్టు పెట్టి, ఒడి బియ్యం పోసి, జాగ్రత్తగా పోయి రా అమ్మణ్ణీ అంది. నేను వీధి తిన్నె దిగి, ఇంటి పక్కగా నడిచి దొడ్డి దాకా పోవాలి. అంత దూరానికి మధ్యలో రోలు మీద కూర్చుని ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఆ రోలు దగ్గర నన్ను చూసిన పక్కింటి ముసలమ్మ, ఎక్కడికమ్మా ప్రయాణం అని అడిగింది. కాన్పుకు పుట్టింటికి అవ్వా అన్నాను. నవ్వితే కడుపు కదిలి ఇంకా ఆయాసం వచ్చింది.

ఆ కొట్టంలో గడిపిన రోజులు నా బతుకులో మంచి రోజుల్లోకే వస్తాయి. నొప్పులు ఎక్కడికీ పోలేదు. కాళ్ళు అలాగే వాచేవి, మంట అలాగే మండేది. కాకపోతే ఇప్పుడు మంట వచ్చిన వేళకు జీలకర్ర వేసిన పల్చటి మజ్జిగ, నడుము పట్టిన వేళకు వేడి ఇసుక మూట, కడుపు మీద చర్మం సాగి దురద పుట్టిన వేళకు నువ్వుల నూనె, అన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. గోడ అవతల ఎద్దులు నెమరు వేస్తుంటే ఇవతల నేను అటుకులు నమిలేదాన్ని. అమ్మ దగ్గు తగ్గుతూ వచ్చింది. మా అత్త రోజూ వచ్చి గుమ్మం బయట నిలబడి, లోపలికి రావచ్చునా వదినా అని అడిగేది. మొదట్లో అమ్మ సిగ్గుపడింది. తర్వాత, రా వదినా, కూర్చో, ఏమన్నా తింటావా అని దర్జాగా అడగడం నేర్చుకుంది.

పురట్టాసి పోయి ఐప్పసి నెల వచ్చాక, వాన వెలిసిన ఒక పొద్దున, నిజం నొప్పులు వచ్చాయి. వాటి గురించి ఎక్కువ చెప్పను. కన్నవాళ్ళకు చెప్పక్కరలేదు, కననివాళ్ళకు చెప్పినా తెలియదు. పొద్దు నడినెత్తికి రాకముందే ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే, ఊరంతా వినేలా ఏడ్చింది. అమ్మ నన్ను శుభ్రం చేసి, తాను స్నానం చేసి వచ్చి గుమ్మంలో కూర్చుంది.

అప్పుడు మా అత్త పెద్దింట్లోంచి రెండు చేతుల్లో రెండు చెంబులు పట్టుకుని దొడ్లోకి వచ్చింది. ఇక ఆంక్ష లేదు. ఆ ఇంటి నీళ్ళు అమ్మ తాగవచ్చు. ఒక చెంబు ఇచ్చింది. అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని తాగింది. నేను లోపల మంచం మీదినుంచి చూస్తున్నాను. అమ్మ ఖాళీ చెంబు తిరిగి ఇచ్చినా మా అత్త కదలలేదు. రెండో చెంబు చేతిలో అలాగే ఉంది. కాసేపటికి, నా వైపు చూడకుండా, మెల్లగా మొదలుపెట్టింది.

"నన్ను ఎనిమిదో నెలలోనే బండెక్కించినారు వదినా. ఏటి దగ్గరే నొప్పులొచ్చి, మళ్ళీ ఈ ఇంటికే తెచ్చినారు. బిడ్డ పుట్టింది, ఏడవలే. ఏడవని బిడ్డ లెక్కకు రాదన్నారు పెద్దలు. మా అమ్మ ఈ వాకిట్లో నిలబడి, ఇట్లనే నీళ్ళు ముట్టకుండా వెళ్ళిపోయింది. నాకు మళ్ళీ బిడ్డ పుట్టేసరికి ఆమె లేదు."

కడుపుతో ఉన్నదాని చెవిన వేయకూడని మాట అని ఇన్ని నెలలూ ఆమె దాన్ని మింగుకుని తిరిగింది. మేమంతా నెలల లెక్క కోసం పట్టుపట్టిందనుకున్నాం. పక్కలో బిడ్డను ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

మా అత్త రెండో చెంబు ముందుకు చాపింది.

"ఇది మా అమ్మది. ఇదీ నువ్వే తాగు."

అమ్మకు అప్పటికే కడుపు నిండిపోయి ఉంది. అయినా చెంబు రెండు చేతులతో అందుకుంది. మధ్య మధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ, ఎదురుగా నిలబడ్డ ఆ మనిషి ముఖంలోకి చూస్తూ, ఆఖరి చుక్క దాకా తాగింది.